ఒక తల్లి ప్రశ్నకు పన్నెండేళ్ళ జవాబు

"మత్తిచ్చేస్తే గుంటడి బుర్రకేటీ అవదు కద బాబూ?"

పలాసలోనో టెక్కలిలోనో ఆసుపత్రి వరండాలో, చంటిబిడ్డ ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టబోయే తల్లి నోట వచ్చే ప్రశ్న ఇది. కోత గురించి ఆమె అంతగా అడగదు. కోత కంటికి కనిపిస్తుంది, కుట్లు మానుతాయి, మచ్చ చిన్నదవుతుంది. మత్తు సంగతి వేరు. ఒళ్ళో ఆడుకుంటున్న బిడ్డను తలుపు అవతలికి తీసుకుపోతారు. తిరిగొచ్చేదాకా లోపల ఏం జరిగిందో ఆమెకు తెలియదు. తిరిగొచ్చినవాడు రేపు బడికెళ్తే నలుగురితో సమానంగా అక్షరాలు దిద్దుతాడా? ఆమె అసలు అడుగుతున్నది అది.

ఆ తల్లి అడిగినంత శ్రద్ధగా ఈ ప్రశ్నను పట్టించుకున్న వైద్యులు ఉన్నారు. 7 దేశాల్లో, 28 ఆసుపత్రుల్లో, 722 మంది శిశువులతో, 2007 నుంచి 2019 దాకా వాళ్ళు ఒక పని చేశారు. ఆ అధ్యయనం పేరు గ్యాస్. 'పూర్తి మత్తుకూ వెన్నుమత్తుకూ పోలిక' అని చెప్పే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలవి. మెల్‌బోర్న్‌కు చెందిన ఆండ్రూ డేవిడ్‌సన్, బోస్టన్‌కు చెందిన మేరీ ఎలెన్ మెక్‌కాన్ దానికి ముందు నిలిచినవాళ్ళు. అది తేల్చిన విషయాన్ని ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. అయితే ఆ వాక్యాన్ని నమ్మదగిందిగా చేసిన పనితనం చూడాల్సింది. మంచి కంసాలి చేసిన నగను వెనక్కి తిప్పి అతుకులు చూసినట్టు, ఈ అధ్యయనాన్ని వెనక్కి తిప్పి చూద్దాం.

భయం పుట్టిన చోటు

తల్లుల భయం వట్టి చాదస్తం కాదు. 1999లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, మెదడు వేగంగా పెరిగే రోజుల్లో కొన్ని రకాల మందులు ఎలుక పిల్లల మెదడు కణాలను చనిపోయేలా చేస్తాయని చూపింది. 2003లో వెస్నా జెవ్టోవిక్-టోడోరోవిక్ బృందం ఇంకాస్త ముందుకెళ్ళింది. పుట్టి ఏడు రోజులైన ఎలుక పిల్లలకు ఆపరేషన్ గదుల్లో రోజూ వాడే మందులనే కలిపి ఆరు గంటల పాటు ఇచ్చారు. వాటి మెదడులో కణాలు పెద్ద ఎత్తున నశించాయి. పెద్దయ్యాక నేర్చుకోవడంలోనూ గుర్తుపెట్టుకోవడంలోనూ అవి వెనకబడ్డాయి.

ప్రపంచమంతటా మత్తు డాక్టర్లు ఉలిక్కిపడ్డారు. వెంటనే పాత ఆసుపత్రి రికార్డులు, బడి మార్కులు పక్కపక్కన పెట్టి చూడడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు మత్తు తీసుకున్న పిల్లల్లో కొందరు చదువులో వెనకబడ్డట్టు కొన్ని లెక్కలు చెప్పాయి. అయితే ఆ వెనకబాటు మత్తు వల్లా, ఆపరేషన్ అవసరమయ్యేలా చేసిన జబ్బు వల్లా? నెల తక్కువగా పుట్టడం వల్లా, ఇంటి పరిస్థితి వల్లా? రికార్డులు ఆ ముడి విప్పలేవు.

ఆ ముడి మీద నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక చక్కని వెలుగు వేశారు. 2009లో వాళ్ళు 1,143 జతల ఏకరూప కవలలను పరిశీలించారు. మూడేళ్ళలోపు మత్తు తీసుకున్న పిల్లల మార్కులు సగటున కొంచెం తక్కువే. కానీ ఒకరికి మత్తు ఇచ్చి, రెండోవారికి ఇవ్వని జతలను విడిగా చూస్తే ఇద్దరి చదువూ ఒక్కలాగే ఉంది. ఒకే కడుపు, ఒకే ఇల్లు, ఒకే అచ్చు, మత్తు మాత్రం ఒకరికే. వెనకబాటు మత్తుతో పాటు వచ్చింది గానీ మత్తు నుంచి వచ్చింది కాకపోవచ్చని ఆ జతలు సూచించాయి. ఇది గట్టి సూచనే. తీర్పు కావాలంటే మాత్రం ఇంకా గట్టి పని కావాలి.

ఒకే కుప్పలోంచి

ఆ గట్టి పని ఏమిటో పలాసవాళ్ళకు చెప్పడం తేలిక. జీడిపిక్కలను కాల్చి పప్పు తీసే పద్ధతి ఒకటుంది, ఆవిరిలో ఉడికించి తీసే పద్ధతి ఒకటుంది. దేనిలో పప్పు ఎక్కువ గుండుగా వస్తుంది, దేనిలో బద్దలవుతుంది అని తేల్చాలనుకోండి. మందస పిక్కలు కాల్చి, వజ్రపుకొత్తూరు పిక్కలు ఉడికించి చూస్తే ఏమీ తేలదు. తేడా తోటదో, తేమదో, పద్ధతిదో ఎవరు చెప్పగలరు? అన్ని బస్తాలూ ఒకే కుప్పగా పోసి, బాగా కలిపి, చీటీ వేసినట్టు సగం ఇటు, సగం అటు పంచాలి. అప్పుడు పుచ్చుపిక్కలు కూడా రెండు వైపులా సమంగా పడతాయి. తర్వాత కనిపించే తేడా పద్ధతిదే.

గ్యాస్ పరిశోధకులు చేసిందీ ఇదే. నెల తక్కువ పిల్లలు, పేద ఇళ్ళ పిల్లలు, అమ్మానాన్నలు బాగా చదువుకున్న పిల్లలు, అందరూ రెండు వైపులా సమంగా పడేలా చీటీ వేసినట్టు పంచారు. 359 మందికి సెవోఫ్లూరేన్ అనే వాయువుతో పూర్తి మత్తు. 363 మందికి నడుము కింద మాత్రమే తిమ్మిరెక్కించి, బిడ్డను మెలకువగానే ఉంచే పద్ధతి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఒక బిడ్డకు మత్తిచ్చి కోసి, ఇంకో బిడ్డకు మత్తు లేకుండా కోయడం మనుషులు చేసే పని కాదు. అలా కోసిన కాలమూ ఉంది. 1980ల దాకా కూడా, నెలలు నిండని శిశువులకు నొప్పి అంతగా తెలియదనీ, వాళ్ళు గట్టి మత్తుమందు తట్టుకోలేరనీ అనుకుని నామమాత్రపు మత్తుతో ఆపరేషన్లు చేశారు. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన కె.జె.ఎస్. ఆనంద్ 1987లో కేవలం 16 మంది శిశువులతో చేసిన అధ్యయనం ఆ ఆలోచనను తిరగరాసింది. నొప్పి తెలియకుండా ఫెంటనిల్ ఇచ్చిన శిశువుల ఒంట్లో ఒత్తిడి తగ్గింది, ఆపరేషన్ తర్వాత వాళ్ళు మెరుగ్గా కోలుకున్నారు. అంటే మత్తు తప్పించడం బిడ్డకు మేలు కాదు. కాబట్టి రెండు వైపులా నొప్పి లేకుండా ఉండాలి, మెదడును తాకే మందు మాత్రం ఒక వైపే ఉండాలి. అలాంటి ఆపరేషన్ ఏది?

హెర్నియాను ఎంచుకున్న తెలివి

గజ్జ దగ్గర ఉబ్బు, అంటే హెర్నియా. పసిపిల్లల్లో, ముఖ్యంగా నెల తక్కువగా పుట్టిన మగపిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. బిడ్డ ఏడ్చినప్పుడు ఉబ్బుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. పేగు అందులో ఇరుక్కుంటే ప్రమాదం కనుక ఏళ్ళ తరబడి వాయిదా వేయకుండా సరిచేస్తారు.

ఈ ఎంపికను ఒక్కో వైపు నుంచి చూడండి. జబ్బు గజ్జలో ఉంది. మెదడుతో దానికి సంబంధం లేదు. ఎక్కడైనా దొరికే జబ్బు, కనుక వందల మంది పిల్లలు దొరుకుతారు. ఆపరేషన్ సుమారు గంట పని. అది నడుము కిందే జరుగుతుంది కనుక వెన్నులో మందుతోనూ చేయవచ్చు, పూర్తి మత్తులోనూ చేయవచ్చు. రెండూ అప్పటికే వైద్యులకు అలవాటైన పద్ధతులే. ఎవరి బిడ్డ మీదా కొత్త ప్రయోగం చేయనక్కర్లేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటి. కోత కూడా శరీరాన్ని కదిలిస్తుంది. వాపు, ఒత్తిడి, ఆకలి, ఆసుపత్రి బస ఇవన్నీ మెదడు మీద ప్రభావం చూపవచ్చు. ఆపరేషన్ చేసిన పిల్లలను చేయని పిల్లలతో పోల్చినంతకాలం కోతనూ మత్తునూ విడదీయలేం. గ్యాస్‌లో కోత ఇద్దరికీ ఉంది. మారింది మత్తు ఒక్కటే. ఒక్క జబ్బును సరిగ్గా ఎంచుకోవడంతో ఇన్ని చిక్కులు విడిపోయాయి. మంచి పనివాడు కర్ర కోయకముందే దాని వాలు చూసుకుంటాడు. ఈ పరిశోధకులు ఆ చూపుతోనే మొదలుపెట్టారు.

మెలకువగా ఉన్న బిడ్డ, మత్తు డాక్టరు చెయ్యి

రెండో వైపు పడిన పిల్లలకు ఏం చేశారో తెలిస్తే చేతి పనితనం కూడా అర్థమవుతుంది. పెద్దలకు నడుములో ఇచ్చే ఇంజెక్షనే అది. కానీ శిశువు పెద్దవాళ్ళ చిన్న బొమ్మ కాదు. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. పుట్టిన బిడ్డలో అది ఇంకా కిందికి ఉంటుంది. అందుకే సూదిని మరింత కిందనున్న ఎముకల మధ్య నుంచి పంపాలి. బరువుతో పోలిస్తే శిశువు వెన్నులో నీరు పెద్దవాళ్ళకంటే రెట్టింపు దాకా ఉంటుంది, కిలోకు లెక్కేస్తే మందు ఎక్కువ కావాలి. అయినా ఆ తిమ్మిరి త్వరగా దిగిపోతుంది. సర్జను చేతిలో గంట, గంటన్నర మించి సమయం ఉండదు.

బిడ్డను పట్టుకునే నర్సుదీ నేర్పే. నడుము వంచాలి, మెడ మాత్రం వంచకూడదు. వంచితే ఊపిరి గొట్టం మూసుకుపోతుంది. మందు ఎక్కాక కాళ్ళు పైకెత్తకూడదు. ఎత్తితే మందు వెన్నులో పైకి పాకి ఊపిరికే ఎసరు పెడుతుంది. నడుము కింది నుంచి మెదడుకు కబుర్లు ఆగిపోవడంతో చాలామంది పిల్లలు తీపినీళ్ళలో ముంచిన పాలపీక చప్పరిస్తూ వాళ్ళంతట వాళ్ళే కునుకు తీస్తారు. మెదడుకు మందు తగలకుండా వచ్చిన నిద్ర అది.

ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆగే ఇబ్బందినీ గ్యాస్ బృందం లెక్కపెట్టింది. మొదటి అరగంటలో అది పూర్తి మత్తు వైపు 3 శాతం మందిలో, వెన్నుమత్తు వైపు 1 శాతం మందిలో కనిపించింది. మెదడు గురించి అడుగుతూనే, కళ్ళ ముందున్న ఊపిరిని కూడా వాళ్ళు మరవలేదు.

తెలియని మనిషే కొలవాలి

పిల్లలకు ఐదేళ్ళు నిండేదాకా ఆగారు. రెండేళ్ళప్పుడు ఒకసారి చూసి, ఆ ఫలితం 2016లో ప్రకటించారు. అసలు తీర్పు మాత్రం ఐదో ఏడు పరీక్షకే వదిలారు. మాట, ఆలోచన, చురుకుదనం తేటగా కొలవగలిగే వయసు అది. ఇంత ఓపిక ఊరికే రాదు. ఇళ్ళు మారతాయి, ఫోన్ నంబర్లు మారతాయి, తల్లిదండ్రుల ఉత్సాహం తగ్గుతుంది. అయినా ఆగారు.

కొలిచే మనస్తత్వవేత్తకు ఎదుట కూర్చున్న బిడ్డ ఏ వైపువాడో తెలియదు. తెలిస్తే, ఎంత నిజాయితీపరుడైనా చూపు కొంచెం వాలుతుంది. ఈ ఒక్క తెలియనితనం ఆ అధ్యయనానికి మూలస్తంభం.

రెండో అతుకు ఇంకా సన్నం. 'తేడా లేదు' అనే మాటను వాళ్ళు తేలిగ్గా వాడలేదు. కొద్దిమందిని చూసి, సరిగా కొలవక, 'తేడా కనబడలేదు' అని ఎవరైనా అనగలరు. ఎంత తేడా ఉంటే తేడాగా లెక్కిస్తామో వీళ్ళు ముందే రాసిపెట్టుకున్నారు. సగటు 100గా ఉండే ప్రజ్ఞా సూచికలో 5 పాయింట్లు. జవాబు చుట్టూ ఉండే అనుమానపు పరిధి మొత్తం ఆ గీతల లోపలే పడితేనే 'సమానం' అంటామన్నారు.

మూడో అతుకు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వెన్నులో ఇచ్చిన మందు అన్నిసార్లూ పనిచేయదు. అప్పుడు ఆ బిడ్డకూ పూర్తి మత్తే ఇవ్వాలి. అలాంటి పిల్లలను వెన్నుమత్తు లెక్కలోనే ఉంచితే రెండు కుప్పలూ కలగలిసిపోయి, తేడా ఉన్నా లేనట్టు కనిపిస్తుంది. సమానం అని చూపాలనుకునేవాళ్ళకు అది లాభం. వీళ్ళు ఆ లాభం వదులుకున్నారు. నిజంగా మెలకువగా ఆపరేషన్ జరిగిన పిల్లలనే ప్రధాన లెక్కలో ఉంచారు. ఐదో ఏడు పరీక్షకు రానివాళ్ళు కూడా పోగా, ఆ లెక్కకు వెన్నుమత్తు వైపు నుంచి 205 మందే మిగిలారు, పూర్తి మత్తు వైపు 242 మంది. తమ జవాబును తామే కష్టపెట్టుకున్న ఇలాంటి చోట్లే పనివాడి నిజాయితీ బయటపడుతుంది.

ఫలితం: వెన్నుమత్తు పిల్లల సగటు 99.08, పూర్తి మత్తు పిల్లల సగటు 98.97. ఇతర అంశాలు సరిచూశాక తేడా 0.23. అనుమానపు పరిధి ఒక వైపు 2.59, ఇంకో వైపు 3.06. రెండు చివరలూ 5 గీత లోపలే. సుమారు గంట లోపు, ఒక్కసారి ఇచ్చిన పూర్తి మత్తు ఐదేళ్ళప్పటి తెలివిని మార్చలేదు.

అదే కాలంలో అమెరికాలో లీనా సన్ బృందం 105 జతల తోబుట్టువులతో 'పాండా' అనే అధ్యయనం చేసింది. ఒకరికి మూడేళ్ళలోపు హెర్నియా ఆపరేషన్ అయింది, ఇంకొకరికి కాలేదు. ఎనిమిది నుంచి పదిహేనేళ్ళ మధ్య కొలిస్తే ఇద్దరి సగటూ 111. దారి వేరు, చేరిన ఊరు ఒకటే.

హైదరాబాదు మిగిల్చిన పాఠం

మత్తు గురించి పెద్ద ప్రశ్న వేయడం తెలుగు నేలకు కొత్త కాదు. 1888లో, మళ్ళీ 1889లో హైదరాబాదులో క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. క్లోరోఫారం ఊపిరిని ఆపుతుందా, నేరుగా గుండెనే ఆపుతుందా అన్నది చర్చ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బు పెట్టాడు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. రెండో కమిషన్ కోసం లాన్సెట్ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను పంపింది. అదే హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదివి రోగులకు క్లోరోఫారం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాళ్ళలో ఒకరిగా ఇవాళ గౌరవిస్తున్నారు.

వందల జంతువుల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరే, దాన్ని కనిపెట్టుకుని ఉంటే గుండెకు భయం లేదని కమిషన్ తేల్చింది. శ్రమలో లోటు లేదు. కానీ 1911లో గుడ్‌మన్ లీవీ, క్లోరోఫారం మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని చూపాడు. జంతువులు ఇచ్చిన ధైర్యం పూర్తిగా నిజం కాలేదు.

నూరేళ్ళ తర్వాత కథ తిరగబడింది. ఎలుక పిల్లలు ఈసారి భయం ఇచ్చాయి. గంటసేపటి మత్తు విషయంలో ఆ భయం మనిషి బిడ్డలో నిజం కాలేదు. రెండుసార్లూ ఒకటే పాఠం. జంతువు ప్రశ్నను పుట్టించగలదు, జవాబు మాత్రం బిడ్డ దగ్గరే దొరుకుతుంది. బిడ్డకు హాని చేయకుండా బిడ్డనే అడగగలగడం, గ్యాస్‌లో నేను మెచ్చుకునే నేర్పు అదే.

చెప్పనిదాన్ని చెప్పకుండా ఉండడం

మంచి పనికి హద్దు కూడా తెలిసి ఉంటుంది. గ్యాస్ పిల్లల్లో ఎక్కువమంది మగపిల్లలు. మత్తు ఒక్కసారే, సుమారు గంటే, ఒకే రకం మందు. అంతకుమించి ఆ పరిశోధకులు ఏమీ అనలేదు.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016 డిసెంబర్‌లో హెచ్చరించింది, మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలకు మించిన మత్తు, లేదా పలుమార్లు ఇచ్చే మత్తు గురించి. 2018లో మిన్నెసోటాలోని మేయో క్లినిక్ 997 మంది పిల్లలను కొలిచి చూసింది. ఒకసారి మత్తు తీసుకున్నవారిలోనే కాదు, పలుమార్లు తీసుకున్నవారిలోనూ ప్రజ్ఞా సూచిక తగ్గలేదు. అయితే పలుమార్లు తీసుకున్న పిల్లల్లో ఆలోచన వేగం, వేళ్ళ పని కొద్దిగా తగ్గాయి. ప్రవర్తనలో, చదవడంలో ఇబ్బందులున్నాయని వాళ్ళ తల్లిదండ్రులు చెప్పారు. వాళ్ళకు అన్ని ఆపరేషన్లు అవసరమయ్యేలా చేసిన జబ్బుల పాత్ర ఎంతో ఆ లెక్క విడదీయలేదు. కనుక పెద్ద ఆపరేషన్లు, మళ్ళీమళ్ళీ చేసే ఆపరేషన్ల విషయంలో ప్రశ్న ఇంకా తెరిచే ఉంది.

అలాగని భయపడి వాయిదా వేస్తే వాయిదాకూ ఖరీదుంది. 2023లో వెలువడిన ఒక అధ్యయనం 558 మంది అంగిలి చీలిన శిశువులను రెండుగా పంచి, కొందరికి ఆరో నెలలో, కొందరికి పన్నెండో నెలలో ఆపరేషన్ చేసింది. ఐదేళ్ళకు అంగిలి సరిగా మూసుకోక మాట ముక్కులోంచి పోయే ఇబ్బంది ముందు చేసినవారిలో 8.9 శాతం, ఆలస్యంగా చేసినవారిలో 15 శాతం. మన ఊళ్ళలో గ్రహణంమొర్రి అని గ్రహణం మీద నెపం వేసి, బిడ్డ ఇంకాస్త పెద్దయ్యాక చూద్దామనుకునే ఇళ్ళకు ఈ అంకె చేరాలి. పుట్టుచెవుడు పిల్లల కాక్లియర్ ఇంప్లాంటూ అంతే. మాట నేర్చే తొలి ఏళ్ళు దాటిపోతే యంత్రం పెట్టినా మాట రావడం కష్టమవుతుంది. ఆగడం కూడా మెదడు మీద జరిగే పనే.

ఖర్చుకు వెనకాడిన ఆలస్యాన్ని తగ్గించడానికి వచ్చిన ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి బరంపురానికీ, పలాస, టెక్కలి నుంచి శ్రీకాకుళానికీ, విశాఖ కేజీహెచ్‌కీ బిడ్డలను ఎత్తుకుని వెళ్ళే దారి ఇప్పటికీ పొడుగే. కానీ ఆ దారిలో వెళ్ళే తల్లికి భయం బరువు కూడా మోయాల్సిన అవసరం కొంత తగ్గింది.

ఉద్దానానికి ఇది ఎందుకు

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం జనానికి 'ఎందుకిలా' అన్న ప్రశ్న బరువు తెలుసు. కవిటి, వజ్రపుకొత్తూరు, సోంపేట, మందస, కంచిలి తోటల మధ్య కిడ్నీ జబ్బు ఇన్ని దశాబ్దాలుగా మనుషులను తీసుకుపోతోంది. నీరా, ఎండా, పురుగుమందా అని ఎందరో పరీక్షించారు. ఇదీ కారణమని వేలు పెట్టి చూపగల జవాబు ఇంకా రాలేదు. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా మొదలైంది. జవాబు కోసం ఎదురుచూసే నేల మీద, జవాబు సరిగా రాబట్టిన ఒక పనిని దగ్గరగా చూడడం అవసరమనే ఇది రాశాను. సరైన జబ్బును ఎంచుకోవడం, ఒకే కుప్పగా కలిపి పంచడం, తెలియని మనిషితో కొలిపించడం, ఏళ్ళ తరబడి ఆగడం, తేలినంతే చెప్పడం, ఇవి ఏ ప్రశ్నకైనా పనికొచ్చే పనిముట్లు.

ఇక వరండాలో నిలబడ్డ తల్లికి ఏం చెప్పాలి? నేనైతే ఇలా చెబుతాను. అమ్మా, గంటసేపటి ఒక్క ఆపరేషన్‌కి ఇచ్చే మత్తు గుంటడి బుర్రకి చెరుపు చేయదని వందల మంది పిల్లలను ఐదేళ్ళు కనిపెట్టి చూసి చెప్పారు. ఆపరేషన్ పెద్దదైతే, మళ్ళీమళ్ళీ చేయాల్సి వస్తే, ఆగొచ్చా, ఒకే మత్తులో రెండు పనులూ చేయొచ్చా అని మత్తు డాక్టరునే అడుగు. అడగడం తప్పు కాదు. నీ చేతిలో ఉన్నదొకటుంది. పాలు ఎప్పుడు ఆపమన్నారో అప్పుడే ఆపు. తల్లిపాలకు నాలుగు గంటలు, పోతపాలకూ తిండికీ ఆరు గంటలు. ఏడుస్తున్నాడని చాటుగా బిస్కెట్ పెట్టకు. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. జలుబు, దగ్గు ఉంటే దాచకు. లోపల బిడ్డ ఊపిరినీ, గుండెనూ, రక్తపోటునూ, ఒంటి వెచ్చదనాన్నీ క్షణం వదలకుండా చూసే మనిషి ఒకరుంటారు. బుర్రను కాపాడేది ఆ చూపే.

ఈ పనిని తలచుకున్నప్పుడల్లా నాకు ఒక గది కనిపిస్తుంది. బల్ల ముందు ఐదేళ్ళ పిల్లాడు, ఎరుపూ తెలుపూ చెక్కముక్కలను జోడించి బొమ్మలో ఉన్నట్టు పేరుస్తున్నాడు. ఎదురుగా గడియారం పట్టుకుని కూర్చున్న మనిషికి వాడు ఒకప్పుడు మత్తులో నిద్రపోయాడో, మెలకువగా పాలపీక చప్పరించాడో తెలియదు. పిల్లాడికీ గుర్తులేదు. వాడు చివరి ముక్క పెట్టి తలెత్తి చూస్తాడు. వాడు పేర్చినదాన్ని చూసి వాడు ఏ వైపువాడో ఎవరూ చెప్పలేరు. ఆ తల్లికి జవాబు అదే.